బల్ల ఎత్తు

మంగళవారం ఉదయం ఆరూ పదిహేనుకు సరోజమ్మ ఇంట్లోంచి బయలుదేరింది. ఏడూ ఇరవై ఎనిమిదికి దోర్కా ఆ ఇంటి తలుపు తోసింది. మధ్యలో డెబ్భై మూడు నిమిషాలు. ఆ డెబ్భై మూడు నిమిషాల్లో ఎవరో జ్ఞానరత్నం మాస్టారి మెడ వెనక రెండు బొటనవేళ్ళు ఆనించి, అవి వెళ్ళకూడని లోతు దాకా నొక్కారు.

మాస్టారు చావలేదు. ఆస్పత్రిలో, మెడకు గట్టి పట్టీతో, స్పృహ లేకుండా ఉన్నారు.

గురువారం తొమ్మిదీ నలభైకి నేను ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో వాళ్ళ క్వార్టరు చేరేసరికి వరండాలో ముగ్గురు ఉన్నారు. నన్ను పిలిపించిన సరోజమ్మ, మాస్టారి భార్య, గడప మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆస్పత్రిలోనే ఉండి అరగంట క్రితమే ఇంటికి వచ్చింది. బెంచీ మీద దోర్కా. ఇరవై తొమ్మిదేళ్ళు, ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. ప్రేమ్ బజార్‌లో ఒక స్టేషనరీ కొట్టు వెనక గది అద్దెకు తీసుకుని, మెడలు పట్టేసిన ఇంజనీరింగ్ పిల్లలకు మాలిష్ చేస్తుంది. ఆ పని నేర్పిన మాస్టారి శిష్యురాలు. పన్నెండు గంటలకు పోలీసులు వచ్చి ఆమెను తీసుకెళ్తారు.

తీసుకెళ్ళమని కాగితం రాసినవాడు మూడోవాడు, ఫణీంద్ర. రైల్వే రక్షణ దళంలో సబ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఇప్పుడు రాష్ట్ర మాలిష్ చికిత్సకుల సంఘానికి విజిలెన్స్ చూస్తున్నాడు.

"వచ్చారా మేడమ్," అన్నాడు కుర్చీలోంచి లేవకుండా. "దీపాలూ బటన్లూ తెచ్చుకున్నారా?"

పన్నెండేళ్ళు నేను రైలింజన్ డ్రైవర్లకు పరీక్షలు పెట్టాను. ఎర్ర దీపం వెలిగాక చెయ్యి కదలడానికి ఎంతసేపు పడుతుందో కొలిచేదాన్ని. సుభాష్‌పల్లిలో నా గుమ్మానికి డిటెక్టివ్ అన్న బోర్డు తగిలించాక కూడా ఊళ్ళో సగం మంది నన్ను ఆ దీపాలతోనే గుర్తుపెట్టుకున్నారు.

"మీకు అక్కర్లేదు ఫణీంద్ర గారూ. ముందు కదిలేది మీ నోరేనని తెలుసు."

సరోజమ్మ ముక్కుతో చిన్నగా నవ్వి, నవ్వినందుకు తనే భయపడ్డట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను దోర్కా పక్కన కూర్చున్నాను. ఎదురుగా కూర్చుంటే మనుషులు జవాబు తయారు చేసుకుంటారు. పక్కన కూర్చుంటే గుర్తు తెచ్చుకుంటారు.

"సోమవారం నుంచి చెప్పు."

"సోమారం సాయంత్రం సంఘం ఆఫీసుకి ఎల్లినానక్కా. ఆదివారం కార్డు పరీచ్చ అయినాది గదా, ఏటయిందో అడుగుదారని. మాస్టారు గుమ్మం కాడ కనిపించినారు. 'రేపు ఏడున్నరకి ఇంటికి రా దోర్కా, మాటాడాల' అన్నారు. అంతే."

"పాసో ఫెయిలో చెప్పలేదా?"

"సెప్పనేదు. మొకం సూస్తే నవ్వు నేదు. ఫెయిలే అనుకున్నాను."

ఫెయిలంటే ఏమిటో వివరంగా అడగనక్కర్లేదు. కార్డు లేనివాళ్ళను క్లినిక్కులూ హోటళ్ళూ రానివ్వవు. వచ్చే ఒకటో తారీఖు నుంచి కార్డు లేని పేర్లన్నీ వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేస్తామని సంఘం చెప్పింది. ఎక్కడ ఎవరికి నడుం పట్టేసినా ఆ గ్రూపులోంచే ఒకరు ఇంకొకరి పేరు చెబుతారు. పేరు పోతే పని పోయినట్టే.

"మాస్టారు నిన్ను రమ్మన్నప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవలూ నేరు. మోహనకృష్ణ దాదా ఒక్కలే, లోపల కిటికీలు మూస్తన్నారు."

దాదా అంటే ఇక్కడ అన్న. మోహనకృష్ణ సంఘానికి ఇక్కడి శాఖ సెక్రటరీ. మాస్టారి పాత శిష్యుడు. గొడవ జరిగిన దగ్గర్నుంచీ ఆస్పత్రి పనులన్నీ ఆయనే చూసుకుంటున్నాడని సరోజమ్మ ఫోన్లో చెప్పింది. మనిషి కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. అందుకని సంఘం వాళ్ళు వంతులు వేసుకుని మాస్టారికి కాళ్ళూ చేతులూ పట్టి వెళ్తున్నారు. ఆ వంతుల పట్టీ కూడా ఆయనే రాశాడు.

"మంగళవారం?"

"సైకిలు గేటుకి ఆనించి, తలుపు తోసినాను. మాస్టారు నేలమీద బోర్లా ఉన్నారు. కేకేసినాను. పక్కింటి నూకయ్య తాత వొచ్చినాడు."

"ఏడూ ఇరవై ఎనిమిదికి," అన్నాడు ఫణీంద్ర. "కేక ఏడూ ఇరవై ఎనిమిదికి. ఈవిడ వచ్చింది మాత్రం ఏడుకే."

"చూసిందెవరు?"

"ఏడుకి రాలేదని చూసిందెవరు?"

బాగానే అన్నాడు. ఆ సమయంలో వీధిలో మగవాళ్ళంతా వర్క్‌షాప్ డ్యూటీకి పోతుంటారు. ఎవరి సైకిలు ఎవరిదో ఎవరూ చూడరు.

"పైగా కారణం ఉంది," అని చేతిలో ఫైలు తెరిచాడు. "సెక్రటరీ స్టేట్‌మెంట్. 'దోర్కాను ఫెయిల్ చేశానని మాస్టారు సోమవారం నాతో చెప్పారు.' సంతకం, తేదీ. సాక్ష్యం కూడా ఉంది. రండి మేడమ్, చూపిస్తాను. మీ ఫీజు వృథా కాకూడదు కదా."

పోలీసులు తనకిచ్చిన తాళంచెవితో ముందు గది తెరిచాడు.

పది అడుగుల గది. ఒక బీరువా, గోడకు ఏసు పటం, సీసాల అర, మధ్యలో మాలిష్ బల్ల. మంగళవారం పోలీసులు ఫోటోలు తీసి తాళం వేశాక ఎవరూ లోపలికి రాలేదు. మాస్టారు బల్లకూ బీరువాకూ మధ్య నేలమీద పడి ఉన్న చోట సుద్దగీత ఉంది. బల్ల దిగబోయి జారిపడ్డారని అనిపించేలా ఉంది. అందరూ మొదట అలాగే అనుకున్నారు కూడా. తర్వాత డాక్టరు మెడ మీద రెండు గుండ్రటి కమిలిన మచ్చలు చూశాడు.

"కాళ్ళు చూడండి," అన్నాడు ఫణీంద్ర.

బల్ల కాళ్ళ గురించి. నాలుగు కాళ్ళూ జారుడు కాళ్ళు. ఒక్కోదానికి ఏడు కన్నాలు, తాడుతో కట్టిన ఇనుప చీల. చీలను ఏ కన్నంలో పెడితే బల్ల ఆ ఎత్తులో నిలబడుతుంది. నాలుగు చీలలూ కింది నుంచి రెండో కన్నంలో ఉన్నాయి.

"మాలిష్ చేసే మనిషి నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే పిడికిలి బల్లకి తగలాలి. అదీ లెక్క. అంతకంటే ఎత్తయితే భుజం పోతుంది, తక్కువయితే నడుం పోతుంది. ఎవరి ఎత్తు వాళ్ళది. క్యాంపుల్లో ఒకే బల్ల మీద పదిమంది చేస్తారు కాబట్టి కార్డు మీద, అప్లికేషన్ మీద కూడా ఆ నంబరు వేస్తారు." ఫైల్లోంచి ఒక జాబితా తీశాడు. "మాస్టారిది నాలుగు. సెక్రటరీ ఆరడుగుల మనిషి, ఆయనది ఆరు. మొత్తం శాఖలో రెండో నంబరు ఒక్కరిదే. దోర్కా."

"మాస్టారి బల్ల దోర్కా ఎత్తులో ఉంది."

"ఠీక్ హై. మీరే అన్నారు. ఈవిడ మాస్టారిని పడుకోబెట్టింది, పని మొదలుపెట్టింది, ఫెయిల్ సంగతి మాట్లాడింది, నొక్కింది. బల్ల మార్చడం మర్చిపోయింది."

నేను వంగి నాలుగు చీలలూ చూశాను. నాలుగూ పూర్తిగా లోపలికి దిగి ఉన్నాయి. తాళ్ళు మెలిపడకుండా కిందికి వేలాడుతున్నాయి. తొందరలో చేసిన పని కాదు. ఫణీంద్ర వాదనలో తప్పేదీ కనబడలేదు. అయినా ఆ నాలుగు తాళ్ళ పొందిక నన్ను వదల్లేదు. తప్పు చేసినవాళ్ళ చేతులు చాలా చూశాను. అవి ఏదో ఒకటి వంకరగా వదిలి వస్తాయి. లేదా ఎప్పుడూ చేసే పనిని మాత్రం ఎప్పటిలాగే చేసి వస్తాయి.

"పదీ ఐదు," అన్నాడు వాచీ చూసుకుని. "ఇంకా అనుమానమా?"

"వరండాలో మడత బల్ల ఒకటి ఉంది. అది వాడుకోవచ్చా?"

"దేనికి?"

"భుజం పట్టేసింది."

అది క్యాంపులకు తీసుకెళ్ళే చెక్క బల్ల. దానికీ ఏడేసి కన్నాలే. దోర్కా నన్నొకసారి, ఫణీంద్రనొకసారి చూసి, చీలలు రెండో కన్నంలో పెట్టి, దుప్పటి పరిచింది. నేను బోర్లా పడుకున్నాను. బల్ల చివర నా మొహం పట్టే సందులోంచి ఆమె పాదాలు కనిపిస్తున్నాయి. నా వీపు మీద మరో మనిషి చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

ఆమె నొక్కింది వేళ్ళతో కాదు. మోచేతితో.

"బొటనవేలు వాడవా?"

"పనిసెయ్యదక్కా. నిరుటినుంచీ జాయింటు పోయినాది. గట్టిగా ఆనిస్తే పక్కకి జారిపోతాది."

"కోపంలో నొప్పి గుర్తుండదు," అన్నాడు ఫణీంద్ర.

"నొప్పి గుర్తుండకపోవచ్చు. జారిపోయిన జాయింటు కోపం వస్తే అతుక్కోదు." నేను లేచి కూర్చున్నాను. "చాలు దోర్కా. అయిపోయింది. బల్ల సర్దేయ్."

దోర్కా దుప్పటి మడిచింది. మోకాళ్ళ మీద వంగి మొదటి చీల లాగింది. చీల పట్టుకుని, తల ఎత్తకుండానే, అడిగింది.

"తరవాత ఎవలక్కా?"

"ఏంటి?" అన్నాడు ఫణీంద్ర.

"తరవాత ఎవలు సేస్తారని. ఎవలెత్తుకి పెట్టాల?"

దోర్కా తప్పు చేసినట్టు చీల తిరిగి పెట్టేయబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"నీ పని అయిపోయాక నీ ఎత్తులో వదలవా?"

"అదేటక్కా! వొచ్చీవోలి ఎత్తుకి పెట్టి ఎల్తాం. క్యాంపులో ఒకలెనక ఒకలు ఉంటారు గదా. మన ఎత్తులో ఒదిలేసి పోతే మరియాద కాదు."

"మొదటి రోజే నేర్పుతారు ఆయన," అంది సరోజమ్మ గడప మీదనుంచి. "మరిసిపోతే నెత్తి మీద మెట్టికాయే. పెద్దోలైనా సిన్నోలైనా. మంచం దిగేటప్పుడు కూడా తలగడ నా వేపు తిప్పి ఎల్తారు, నవ్వుకుంటాను."

ఫణీంద్ర కుర్చీ చేతులు పట్టుకున్నాడు. అతనికి సంఘం జాబితా తెలుసు. సంఘం అలవాటు తెలియదు. అతని చేతులు ఎప్పుడూ ఎవరి వీపునూ తాకలేదు.

"దోర్కా ఆ బల్ల మీద పని చేసి ఉంటే," అన్నాను, "అది రెండులో ఉండదు. మాస్టారి ఇల్లు కాబట్టి నాలుగులో ఉంటుంది. అది రెండులో ఉందంటే దోర్కా ఇంకా పని మొదలుపెట్టలేదని అర్థం. ఆమెకంటే ముందు వచ్చిన మనిషి, తర్వాత దోర్కా వస్తుందని తెలిసి, ఆమె కోసం పెట్టి వెళ్ళాడు."

"మనిషిని చంపబోయినవాడు పారిపోకుండా కూర్చుని చీలలు మారుస్తాడా? మేడమ్, ఇది కోర్టులో చెప్పండి, జడ్జి గారు కూడా నవ్వుతారు."

"ఒక డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు, పట్టాలు తప్పిన ఇంజన్లోంచి దిగి వారం తిరక్కుండా. నుదురు పగిలి కళ్ళలోకి రక్తం కారుతుంటే, లాగ్ బుక్ తీసి టైము వేసి, సంతకం పెట్టి, పుస్తకం సంచీలో పెట్టుకుని అప్పుడు దిగాడు. ఆ సంతకం చూపిస్తే తనది కాదన్నాడు. అబద్ధం కాదు. అతనికి నిజంగానే గుర్తు లేదు. భయం మనసును ఆపేస్తుంది ఫణీంద్ర గారూ. చేతుల్ని ఆపదు."

నేను సరోజమ్మ వైపు తిరిగాను.

"దోర్కా వస్తుందని మీకు తెలుసా?"

"తెల్దమ్మా. పొద్దున్న ఎవలో వస్తారు, మాటాడాల, నువ్వు చెల్లెలింటికి ఎల్లిరా అన్నారు. ఏదో బరువు మాట అనుకున్నాను. ఆదివారం నుంచి అన్నం సరిగా తిన్నేదు." ఆగింది. "ఒక కాయితం ఉందమ్మా. నిన్న ఆస్పత్రిలో బైబిలు తెరిస్తే పడినాది. ఈ బాబుకి ఇవ్వబోతే, సెక్రటరీ కాడ అన్నీ ఉన్నాయి, అక్కర్నేదన్నాడు."

ఫణీంద్ర వీధి వైపు చూశాడు.

ఆమె లోపలికి వెళ్ళి నాలుగు మడతల కాగితం తెచ్చింది. ఆదివారం పరీక్ష మార్కులు. మాస్టారి చేతిరాత.

సంఘం పరీక్షకు ఒక పద్ధతి ఉంది. పరీక్షించే మనిషి బల్ల మీద బోర్లా పడుకుంటాడు. కళ్ళకు తువ్వాలు కట్టుకుంటాడు. వచ్చినవాళ్ళు పేరు చెప్పకూడదు, మాట్లాడకూడదు. తెర బయట టోకెన్ తీసుకుని, లోపలికి వచ్చి, పది నిమిషాలు చేసి వెళ్ళిపోవాలి. తెర లోపల నిలబడి టోకెన్ నంబరు పిలిచేది ఒక్క మనిషి, శాఖ సెక్రటరీ. పక్షపాతం ఉండకూడదని పెట్టిన నియమం. చేతులకు మొహం ఉండదని దాన్ని పెట్టినవాళ్ళు నమ్మారు.

నేను పైకి చదివాను.

"ఒకటి, పాస్. రెండు, తొందర మనిషి, మళ్ళీ రావాలి. నాలుగు, పాస్. ఐదు. బొటనవేలు పోయింది. దాచుకోకుండా మోచేతితో చేసింది. నాకంటే మంచి చెయ్యి. పాస్." కాగితం దించాను. "దోర్కా, నీ టోకెన్ ఎంత?"

ఆమె పర్సు తెరిచి రేకు బిళ్ళ తీసింది. ఇవ్వడం మర్చిపోయి దాచుకుంది కాబోలు. దాని మీద అయిదు.

ఆమె నన్ను అడగలేదు. సరోజమ్మను అడిగింది. "పాసా పిన్నీ?"

"పాసేనే గుంటా."

దోర్కా నవ్వలేదు, ఏడవలేదు. బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

ఫణీంద్ర ఫైలు తెరిచి, సెక్రటరీ స్టేట్‌మెంట్‌ను మళ్ళీ చదువుతున్నాడు. ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. కళ్ళ కదలికలో తెలిసింది.

"ఫెయిల్ చేశానని మాస్టారు అననే లేదు," అన్నాడు చివరికి, తనకు తానే చెప్పుకున్నట్టు. "మరి ఇతనెందుకు..."

"నేను ఇందాక మూడో నంబరు చదవలేదు," అన్నాను. "మూడు. ఈ చేతులకు ఇరవై రెండేళ్ళ కిందట నేనే కార్డు ఇచ్చాను. వినోద్ బదులు తను చేశాడు. మంగళవారం పొద్దున్నే ఇంటికి పిలిచి, నా మెడ మీద చెయ్యి పెట్టించి అడుగుతాను. ఒప్పుకుంటే నాలోనే దాచుకుంటాను."

"వినోద్ ఎవరు?" అన్నాడు ఫణీంద్ర.

చెప్పింది దోర్కా. "మోహనకృష్ణ దాదా మేనల్లుడు. ఆదివారం బయట మాతోటే కూకున్నాడు. మూడు పిలిచినప్పుడు తెరలోకి ఎల్లినాడు గానీ, సేతులకి నూనె నేకుండా వొచ్చినాడు. బేగి కడుక్కున్నాడనుకున్నాను."

వినోద్ కాకుండా తెర లోపల ఉన్నది ఇద్దరే. కళ్ళు కట్టుకున్న మాస్టారు, పిలిచే మనిషి. ఒకరి బదులు ఇంకొకరు చేస్తే ఇద్దరి కార్డులూ జీవితాంతం రద్దు. సోమవారం సాయంత్రం గుమ్మం దగ్గర 'ఏడున్నరకి రా దోర్కా' అన్న మాట విన్నవాడు కూడా ఒక్కడే. కిటికీలు మూస్తూ. దాచుకుంటానన్న మాస్టారి మాటను అతను నమ్మి ఉండడు. తను దాచలేని మనిషి ఎదుటివాడు దాస్తాడని నమ్మలేడు.

ఫణీంద్ర లేచాడు.

"అమ్మా, సెక్రటరీ ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"ఆస్పత్రిలోనే. నన్నింటికి పంపినాడు గదా బాబూ. నీల్లు పోసుకుని, రెండు గంటలు పడుకోండి వదినా, నానున్నాను అన్నాడు." ఆమె ఇంకా పూర్తిగా అర్థం చేసుకోలేదు. అర్థం కావడం ఆమె చేతుల్లో మొదలైంది. కొంగు చివర మెలితిప్పుతోంది.

దోర్కా ఫోను నా ముందు పెట్టింది. గ్రూపులో మెసేజి. పదీ ఇరవై ఒకటికి, మోహనకృష్ణ పేరుతో. 'మాస్టారు కుడి చేతి వేళ్ళు కదిలించారు. దేవుడి దయ. విశ్రాంతి అవసరం కాబట్టి తర్వాతి వంతు వాళ్ళు రావద్దు. నేను చూసుకుంటాను.' కింద వరసగా దండాలు పెట్టిన చేతుల బొమ్మలు.

ఇప్పుడు పదీ ఇరవై ఏడు.

"వార్డు గుమ్మం దగ్గర గార్డున్నాడు కదా?"

"ఉన్నాడు." ఫణీంద్ర జేబులోంచి ఫోను లాగాడు. "సంఘం వాళ్ళని తప్ప ఇంకెవర్నీ లోపలికి పంపొద్దని నేనే రాసిచ్చాను." అప్పటికే గార్డు నంబరు నొక్కాడు. మోగుతోంది. ఎవరూ తీయడం లేదు. మళ్ళీ నొక్కాడు.

నేను సరోజమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "అతనికి ఫోన్ చెయ్యండి. మామూలుగా మాట్లాడండి. ఏదో ఒకటి అడుగుతూ ఉండండి. మేం వెళ్ళేదాకా ఫోను పెట్టనివ్వకండి."

ఆమె నా కళ్ళలోకి ఒక క్షణం చూసింది. అంతే. ఆ తర్వాత ఆమెను చూసి నేను నేర్చుకోవాల్సి వచ్చింది. గొంతు సవరించుకుని, స్పీకరు పెట్టి, నొక్కింది. రెండో రింగుకే తీశాడు.

"సెప్పండి వదినా. పడుకోనేదా?"

"నిద్ర రాటం నేదు బాబూ. ఎలాగున్నారు?"

"బాగున్నారు. సెయ్యి కదుపుతున్నారు. ఇందాక కళ్ళు కూడా తెరిసినారు. నన్ను సూసినారు." మెత్తటి గొంతు. తొందర లేని గొంతు. "కాల్లు పట్టడం అయిపోయినాది వదినా. ఇంక మెడ సూస్తాను. పట్టీ ఇప్పినాను. గాలాడాల గదా."

ఫణీంద్ర అప్పటికే గేటు దగ్గర బండి తాళం కోసం జేబులు తడుముకుంటున్నాడు. దోర్కా అతని పక్కన నిలబడి ఉంది, ఎవరూ రమ్మనకుండానే.

ఫోన్లో ఏదో ఇనుము తిరిగిన చప్పుడు. ఆగి, మళ్ళీ.

"ఆ సప్పుడేటి బాబూ?" అంది సరోజమ్మ. గొంతు వణకలేదు.

"మంచం వదినా. మరీ కిందికుంది, నడుం పట్టేస్తంది. నా ఎత్తుకి పెట్టుకుంటన్నాను."

మంచం హ్యాండిలు తిరుగుతున్న చప్పుడు వింటూ నేను వరండా మెట్లు దిగాను. వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. నాలుగు. అయిదు.

ఆరు దగ్గర ఆగింది.